నోటి దగ్గర మరక

కాలేజీ వెనక అద్దె గది,
ఆదివారం.

వదినకి,

క్షేమంగా చేరాను. రైల్లో కిటికీ పక్క సీటే దొరికింది. నువ్వు కట్టిచ్చిన రొట్టెల్లో సగం మాత్రం ఎదుటి సీటు ముసలాయనకి పెట్టాల్సి వచ్చింది. నేను పొట్లం విప్పిన దగ్గర్నుంచీ కళ్ళు తిప్పుకోలేదు మహానుభావుడు.

ఇన్ని నెలలు నీ మేడ మీది గదిని పాడుచేసి, ఇప్పుడు బొమ్మలన్నీ నీ నెత్తిన పడేసి వచ్చేశాను. గోడకంటిన రంగు నీ లాండ్రీ మందులకి కూడా లొంగడం లేదని నువ్వు పెట్టిన కేకలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఏం చేయను చెప్పు, ఇక్కడ నా గదిలో తువ్వాలు కూడా ఆరదు. నీకైతే కింద బాయిలర్ వేడికి పైగది ఎప్పుడూ పొడిగా ఉంటుంది. రంగు పూర్తిగా ఆరేదాకా బొమ్మల్ని అక్కడే ఉండనీ. పగలు కిటికీ తెరువు, చీకటి పడకముందే మూసెయ్. దుమ్ము పడనీకు. పెద్ద బొమ్మతో మరీ జాగ్రత్త. దాని మీది బూడిద రంగు బాగా మందంగా వేశాను, నూనె కూడా ఎక్కువ పడింది, ఓ పట్టాన ఆరదు. తాకి చూడాలనిపిస్తే అంచున, వేలి కొసతో చూడు. నీకా ఈ జాగ్రత్తలు చెప్పేది! ఊరంతా పెళ్ళిబట్టలు నీ చేతికే ఇస్తారు.

నిన్న గ్యాలరీ ఆవిడని కలిశాను. ఇన్నాళ్ళూ పదిమంది బొమ్మల మధ్య ఏదో మూల నాదొకటి వేలాడేది. ఈసారి గోడలన్నీ నావే. నా ఒక్కదాని ప్రదర్శన. "మీవి మనుషుల బొమ్మలా, ఉత్త రంగులా? ఒక్కమాటలో చెప్పండి, కింద రాయాలి" అని అడిగింది. నేనేం చెప్పానంటే, ముందు మనిషిని ఉన్నదున్నట్టు వేస్తాను, గోటి మీది గీతతో సహా. ఆరాక దాని మీద రంగు పరిచేస్తాను. ఎక్కడో ఒక్కచోట కొంచెం వదిలేస్తాను, ఓ చెయ్యో, ఓ చెవో. ఆ వదిలిన ముక్కే బొమ్మ, మిగతాదంతా దుప్పటి. ఆవిడ మురిసిపోయి రాసుకుంది. నువ్వైతే "అంత కష్టపడి వేసి కప్పెట్టడమేంటే, పిచ్చా?" అంటావు. అన్నావు కూడా.

వీధి వీధంతా రేడియో అని పిలిచిన మనిషి అన్నయ్య. ఇస్త్రీ చేస్తూ చెయ్యి ఆపినా నోరు ఆపేవాడు కాదు. పోయి రెండేళ్ళు కాలేదు, ఆ మనిషిని ముక్కలు ముక్కలుగా గోడలకెక్కించి జనానికి చూపించబోతున్నాను. అన్నయ్య ఒప్పుకునేవాడా అని ఒక్కోసారి అనిపిస్తుంది. అనిపించినప్పుడల్లా ఏదో పనిలో పడిపోతాను.

నీ ఆడపడుచు

*

లాండ్రీ కౌంటరు,
గిరాకీ లేని మధ్యాహ్నం.

మహా చిత్రకారిణి గారికి,

ముందు నా ఫిర్యాదు వినుకో. నీ రంగుల వాసన మెట్లు దిగి షాపులోకి వస్తోంది. పాపం మన లాయరు గారు కోటు తీసుకెళ్ళి మర్నాడే తిరిగొచ్చాడు. "అమ్మా, నా కోటు ఉతికారా, పెయింటు వేశారా?" అంటాడు. మళ్ళీ ఉతికి, ఎండలో వేసి, క్షమాపణ చెప్పి పంపాను. ఆ క్షమాపణ నీ ఖాతాలో రాసుకో.

ఫోను చెయ్యమంటావు. ఫోనెత్తితే నాకు కౌంటరు గొంతే వస్తుంది, "ఎప్పటికి కావాలండీ" అన్నట్టు. పైగా గొంతు విని నువ్వు అన్నీ పట్టేస్తావు. ఉత్తరమే నయం.

నువ్వు చెప్పినట్టే కిటికీ తీస్తున్నాను, మూస్తున్నాను. ఇస్త్రీపెట్టె మీద చెయ్యి ఉన్న బొమ్మ ఆరింది. ఆకుపచ్చలో కాలరొక్కటే కనిపించేది కూడా ఆరింది. చెవి బొమ్మ ఆరినట్టే. ఇవాళ పొద్దున దాని ముందు నిలబడి పాలు అయిపోయాయి, తెచ్చిపెట్టమని చెప్పాను. చెప్పాక గాని తెలివి రాలేదు. అలవాటు.

పెద్దదాని సంగతి అడగాలి. మిగతా అన్నిట్లో ఏదో ఒకటి వదిలావు. దీంట్లో ఏమీ వదల్లేదేం?

నీకు గుర్తుందో లేదో, ముఖం పూర్తయిన రోజు టీ పట్టుకుని పైకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాను. "అచ్చం ఆయనే" అన్నాను. నువ్వు బ్రష్షులు కడుక్కుంటూ వెనక్కైనా తిరగలేదు. అలసిపోయావనుకున్నాను. ఆ తర్వాత షాపు కట్టేసి రోజూ పైకొచ్చి ఆ చెక్క కుర్చీలో కూర్చునేదాన్ని. నీ పనికి అడ్డం రాకూడదని నోరెత్తేదాన్ని కాదు. ఒకరోజు బ్యాంకు పని చూసుకుని వచ్చేసరికి ముఖం లేదు. ఎటు చూసినా బూడిద రంగే. నువ్వేమో కిటికీ దగ్గర కూర్చుని బిస్కెట్లు తింటున్నావు.

ఒక్కసారి పిలిచి ఉండొచ్చుగా అమ్మడూ. బ్యాంకుకి తర్వాత వెళ్ళేదాన్ని.

నిష్ఠూరం కాదు ఇది. సరే, నిష్ఠూరమే.

మీ వదిన

*

గ్యాలరీ మెట్ల మీద నుంచి,
గురువారం.

వదినా,

నిష్ఠూరం అందింది. లాయరు గారి కోటు కూడా అందింది. రెండూ నా ఖాతాలోనే.

నిన్ను పిలిచి ఉండాల్సింది. నువ్వు పక్కన నిలబడి చూస్తుంటే నాకు చెయ్యి ఆడేది కాదు, అందుకే పిలవలేదు. ఏమీ ఎందుకు వదల్లేదంటావా? బొమ్మ అలా అడిగింది. నవ్వకు. గ్యాలరీల చుట్టూ తిరుగుతున్నాక ఇలాంటి మాటలు గడగడా వచ్చేస్తున్నాయి నాకు.

అసలు విశేషం విను. ఆవిడ నా బొమ్మల ఫొటోలన్నీ బల్ల మీద పరిచి, చివరికి పెద్దదాని మీద వేలు పెట్టింది. ఆహ్వానపు కార్డు మీద అదే, తలుపు తీయగానే ఎదురుగా పెద్దగోడ మీద అదే. "లోపల ఒక మనిషి ఉన్నాడని తెలుస్తోంది, కనిపించడు. మీ ప్రదర్శన మొత్తం ఇదే" అంది. నేను బయటికొచ్చి ఈ మెట్ల మీద కూర్చుని నీకు రాస్తున్నాను. సంతోషమో, మరేమిటో తెలియడం లేదు. సంతోషమే అయ్యుండాలి.

ఫ్రేములవాడు కొలతలు సరిచూసుకుంటానంటున్నాడు. అన్నీ ఎలా ఉన్నాయో ఫొటోలు తీసి పంపు. పెద్దది తప్పకుండా. ఆరుతున్నకొద్దీ ఆ బూడిద కొంచెం ముదురుతుంది, ఎంత ముదిరిందో చూడాలి.

నీ ఆడపడుచు

*

లాండ్రీ,
సోమవారం.

అమ్మడూ,

ఫొటోలు పంపాను, చూసుకునే ఉంటావు. పెద్దదాని మీద వెలుతురు సరిగ్గా పడలేదు, అందుకే తీయలేదు. మబ్బు పట్టింది ఇక్కడ.

చలికాలం కోట్లు రావడం మొదలైంది. క్షణం తీరిక లేదు. చేతులు పగిలాయి, నూనె రాసుకుంటున్నాను.

ఒకమాట అడుగుతాను. ఆ బూడిద రంగు ఏమేం కలిపితే వస్తుంది? ఊరికే తెలుసుకుందామని. బజార్లో డబ్బా కొంటే అదే వస్తుందా?

ఆరోగ్యం జాగ్రత్త. తిండి మానకు.

మీ వదిన

*

కాలేజీ వెనక అద్దె గది,
శుక్రవారం.

వదినా,

నీ ఉత్తరం ఇంత పొట్టిగా రావడం ఇదే మొదటిసారి. జ్వరం గానీ లేదు కదా?

బూడిద రంగు డబ్బాలో దొరకదు. నలుపూ తెలుపూ కలిపితే వచ్చేది కాదది. నీలం, మట్టి రంగు, కొంచెం తెలుపు, చివర్లో పొరపాటున బ్రష్షుకి మిగిలిన ఎరుపు. ఇప్పుడు నన్ను మళ్ళీ కలపమన్నా అదే రాదు. ఎందుకడిగావు? దానికేమైనా తగిలిందా? మూల ఎక్కడైనా చెదిరితే చెప్పు, పరవాలేదు, ఇక్కడ సర్దుకుంటాను. నేనేమీ అనను.

లారీ వచ్చేవారం వస్తుంది. కార్డు అచ్చయింది, ఇందులో పెట్టాను. చూడు ఎంత బాగా వచ్చిందో. వెనక వైపు అన్నయ్య సంగతి ఒక్క ముక్క రాయించాను, "ఇస్త్రీ చేస్తూ మాట్లాడిన ఒక మనిషికి" అని.

నీ ఆడపడుచు

*

లాండ్రీ, ఆవిరి మిషను వెనక నుంచి,
కార్డు అందిన రోజు.

అమ్మడూ,

కార్డు చూశాను. చాలా బాగుంది. దాని మీదున్న బొమ్మ మన మేడ మీద లేదు.

ఇది ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్ళూ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. జరిగింది జరిగినట్టే రాసేస్తాను. చదివాక నీ ఇష్టం.

నీకు ఫొటోలు పంపకముందు, సెలవు రోజున, కిటికీ తీయడానికి పైకి వెళ్ళాను. మబ్బు లేదు ఏమీ లేదు, మంచి ఎండ. ఏటవాలుగా పడేసరికి ఆ బూడిద కింద ముక్కు ఉబ్బెత్తుగా కనిపించింది. కనుబొమ్మ కూడా. దుప్పటి కప్పుకుని పడుకున్నట్టే ఉంది. ఒక్క కన్ను చూద్దాం అనుకున్నాను. నీతో చెప్పి మళ్ళీ వేయించుకోవచ్చులే అనుకున్నాను. మనసు ఎన్ని సాకులు చెబుతుందో నీకు తెలియనిదా.

నీ టర్పెంటైను సీసా కిటికీలోనే ఉంది. దూది మీద తెల్లగుడ్డ చుట్టి, తడిపి, పిండి, అంచు నుంచి లోపలికి అద్దుతూ వచ్చాను. రుద్దలేదు. పాతికేళ్ళుగా చేస్తున్న పనే. సిరా తీశాను, గ్రీజు తీశాను, కాఫీ తీశాను, ఒకసారి ఎవరిదో లగ్నపు చొక్కా మీద నెత్తురు తీశాను. నీ రంగు ఇంకా పచ్చిగా ఉంది, ఇట్టే వచ్చేసింది.

కన్ను బయటపడింది. నన్నే చూస్తోంది.

అక్కడితో ఆపాలి కదా? మరక సగం తీసి వదిలే అలవాటు ఈ చేతికి లేదు. రెండో కన్నూ తీశాను. నుదురు, చెంపలు. గుడ్డ మార్చుకుంటూ, కబుర్లు చెబుతూ తీశాను. లాయరు గారి కోటు సంగతి కూడా చెప్పాను. నవ్వుకున్నాను కూడా, సిగ్గు లేకుండా. నోటి దగ్గరికి వచ్చేసరికి గుడ్డ జారింది. చెయ్యి గట్టిగా పడింది. బూడిదతో పాటు కింది రంగు కూడా ఊడి గుడ్డకి వచ్చేసింది. ముక్కు కింద ఇప్పుడేమీ లేదు. కాన్వాసు నేత కనిపిస్తోంది.

మరక తీయబోయి మనిషిని తీసేశాను.

పక్కకొట్టు తాళాలతను కిటికీ గడియ బిగించడానికి పైకొచ్చి చూశాడు. మీ అన్నయ్యతో రోజూ టీ తాగినవాడు. "రేడియో నోరు ఎవరాపారమ్మా?" అన్నాడు. పాపం నన్ను నవ్వించాలనే అన్నాడు. నేను కిందికొచ్చి ఈ మిషను వెనక కూర్చుని ఏడ్చాను.

నీకు వెలుతురు లేదని రాశాను, అబద్ధం. రంగు ఎలా కలపాలని అడిగింది నేనే పూసేద్దామని. బజార్లో ఓ బూడిద రంగు డబ్బా కొనుక్కొచ్చాను. తలుపులకీ కిటికీలకీ వేసేది. మూత తీసే ధైర్యం చాల్లేదు. అంతవరకు బతికాం ఇద్దరం.

నీ మొదటి ప్రదర్శన. తలుచుకుంటే అన్నం సహించడం లేదు. నన్ను ఎన్ని మాటలైనా అను, పడతాను. ఏమీ అనకుండా మాత్రం ఉండకు.

మీ వదిన

*

కాలేజీ వెనక అద్దె గది.

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది.

లారీ మంగళవారం వస్తుంది. అన్ని బొమ్మలూ పంపించండి. పెద్దది కూడా. ముఖం వైపు దేనికీ తగలకుండా చెక్కపెట్టెలో విడిగా పెట్టించండి. దాని మీద ఇంక ఏ గుడ్డా, ఏ మందూ వేయకండి. దయచేసి.

గ్యాలరీ వాళ్ళకి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను. మీరు కంగారుపడకండి.

ఉంటాను.

*

గ్యాలరీ వెనక సామాన్ల గది,
ప్రదర్శనకి ముందటి వారం.

వదినా,

నిన్ను "మీరు" అని రాసిన చేతిని ఏం చేసినా పాపం లేదు. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి పది అడుగులు వేయకముందే తిరిగి తీసుకోవాలనిపించింది. చెయ్యి పట్టలేదు ఆ సందులో. నువ్వు తిట్టమని అడిగావు, నేను మర్యాద చేశాను. అంతకంటే చెడ్డ తిట్టు నాకు తెలియదు, అందుకే అది ఏరుకున్నాను.

పెద్ద బొమ్మ వచ్చింది. చెక్కపెట్టె విప్పి చూశాం. భుజాలూ మెడా ఇంకా బూడిద రంగులోనే ఉన్నాయి. ముఖం ఒక్కటీ కడిగినట్టుంది. నిజంగా కడిగినదే కదా. కళ్ళ చుట్టూ ఒక్క గీత చెరగలేదు, నీ చేతి పని చూసి మొక్కాలనిపించింది. నోటి దగ్గర మాత్రం ఎర్రగా, గోధుమగా ఓ పులుముడు, మధ్యలో ఉత్త కాన్వాసు.

గ్యాలరీ ఆవిడ తేరుకుని, "మళ్ళీ కప్పేయండి. వారం టైముంది. కార్డు మీద ఉన్నట్టే ఉంటుంది, ఎవరికీ తెలియదు" అంది. సరే అన్నాను. రంగు కలిపాను. ఈసారి అదే బూడిద ఎలా వచ్చిందో తెలియదు, అచ్చంగా అదే వచ్చింది. రంగు పరిచే వెడల్పు కత్తి నిండా తీసుకుని దాని ఎదురుగా నిలబడ్డాను. అన్నయ్య చూస్తున్నాడు. చెయ్యి లేవలేదు. మొదటిసారి ఎందుకు కప్పానో నీకు చెప్పకుండా రెండోసారి కప్పలేను.

బొమ్మ అలా అడిగిందని రాశాను కదా. బొమ్మ ఏమీ అడగలేదు.

కళ్ళు తేలిగ్గా వచ్చాయి. నుదురు వచ్చింది. నోరు రాలేదు వదినా. ఉన్న ఫొటోలన్నీ ముందేసుకున్నాను. కెమెరా కనిపిస్తే చాలు గుర్తింపు కార్డుకి దిగుతున్నట్టు పెదాలు బిగించేవాడు కదా, ఏ ఒక్కదాంట్లోనూ మన రేడియో లేడు. నాకు కావాల్సింది జోకు వేసే ముందు నోరు. ఆ మూల కొంచెం లేచేదా, పక్కకి వెళ్ళేదా? కళ్ళు మూసుకుంటే గొంతు వినిపిస్తుంది, నోరు కనిపించదు. వేశాను, గీకేశాను, మళ్ళీ వేశాను. అందుకే అక్కడి రంగు అంత మెత్తగా ఉండిపోయింది. చివరికి నీ గోడ మీది అద్దం దించుకుని, నా నోరు చూసి వేశాను. మా ఇద్దరిదీ ఒకే నోరని చిన్నప్పట్నుంచీ అందరూ అంటారుగా. పరవాలేదులే, ఒకే రక్తం అనుకున్నాను.

ఆ సాయంత్రమే నువ్వు టీతో వచ్చి "అచ్చం ఆయనే" అన్నావు. నేను వెనక్కి తిరగలేదని అడిగావు చూడు, ఎలా తిరుగుతాను? అప్పటికి బ్రష్షులు ఎప్పుడో శుభ్రమైపోయాయి. ఉత్త నీళ్ళలో కడుగుతున్నాను.

తర్వాత నువ్వు రోజూ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నావు. మొగుడి ముఖం అనుకుని నా నోటికేసి చూస్తున్నావు. నీకు చెబుదామని ఎన్నోసార్లు మొదలుపెట్టాను. నువ్వు అంత నెమ్మదిగా కూర్చుని ఉంటే నోరు పెగల్లేదు. నువ్వు బ్యాంకుకి వెళ్ళిన రోజు నీ వెనకే తలుపు గడియ పెట్టి కప్పేశాను. కళ కాదు అది, సిగ్గు. ఆ సిగ్గునే కార్డు మీద అచ్చు వేయించుకుని ఊరందరికీ పంచాను. నువ్వు నా ప్రదర్శన పాడుచేశానని అన్నం మానేశావు. నేను నా అన్న ముఖం మీద నా నోరు పెట్టి, శుభ్రంగా బిస్కెట్లు తిన్నాను.

నువ్వు తుడిచింది అన్నయ్యని కాదు. నన్ను. ఆయనకి నీ చేత్తో ఏ అన్యాయం జరగలేదు. నీకు ఇది తెలియాలి.

ఇప్పుడు నువ్వే చెప్పు. కప్పమంటే కప్పేస్తాను. లేదా నువ్వు వచ్చి పక్కన కూర్చుని చెబుతూ ఉంటే నోరు మళ్ళీ వేస్తాను, నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అసలు ఎవరూ చూడొద్దంటే వెనక్కి పంపేస్తాను. ఎదురుగోడ ఖాళీగానే ఉంచాను. నువ్వు చెప్పేదాకా అక్కడ ఏదీ పెట్టను.

నీ ఆడపడుచు

*

లాండ్రీ,
షట్టరు సగం దించి.

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి మూడు కోట్లు తప్పు మనుషులకి ఇచ్చేశాను. అందులో ఒకటి లాయరు గారిది. ఈసారి ఆయన ఇంక రాడనుకుంటాను.

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాయాలి. గుడ్డ జారలేదు.

ఈ చేతిలో గుడ్డ ఎప్పుడూ జారదు. ఆ మొదటి సాయంత్రం గుమ్మంలో నిలబడ్డప్పుడే తెలిసింది, కళ్ళు ఆయనవి, నోరు నీది. నీకు మొండితనం వచ్చినప్పుడు ఎడమ మూల కిందికి దిగుతుంది. ఆయనకి ఏనాడూ దిగలేదు. ఊళ్ళోవాళ్ళు ఒకే నోరంటారు, వాళ్ళదేం పోయింది, రోజూ చూసేవాళ్ళా? అయినా "అచ్చం ఆయనే" అన్నాను. నువ్వు వారాల తరబడి తిండి లేక పీనుగులా ఉన్నావు, నోరు బాగాలేదే అని ఎలా అంటాను? పైగా కళ్ళు నిజంగానే ఆయనవి. రోజూ వచ్చి కూర్చుంది ఆ కళ్ళ కోసం. నువ్వు అటు తిరిగి పని చేసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని, ముక్కు కింద కనిపించకుండా చూసుకునేదాన్ని. ఒకే గదిలో నువ్వు అటు, నేను ఇటు. ఒకరికి తెలియకూడదని ఒకరం.

ఆ సెలవు రోజు కళ్ళు తీశాక ఆపేదాన్నే. తీస్తూ తీస్తూ కిందికి వచ్చేసరికి నీ నోరు బయటపడింది. ఆయన ముఖానికి ఏదో అంటుకున్నట్టు అనిపించింది. అది తీసేస్తే కింద ఆయనది ఉంటుందనుకున్నాను. ఇంత వయసొచ్చింది, అలా అనుకున్నాను. అద్దలేదు, రుద్దాను. తెలిసే రుద్దాను. కాన్వాసు కనిపించాక గాని చెయ్యి ఆగలేదు. బంగారంలాంటి పిల్లవి, బతికి ఉన్నదానివి, నీ నోటిని నా చేత్తో తుడిచేసి, నీకే జారిందని ఉత్తరం రాశాను. నువ్వు నన్ను "మీరు" అన్నందుకు ఏడుస్తున్నావు. నువ్వు ఇంకా నయం.

దాని తర్వాత జరిగింది ఎవరికీ చెప్పలేదు. సీసాకి మూత పెట్టి, ఆ ఖాళీ ముందు కూర్చున్నాను. సరే, ఇప్పుడు ఆయన నోటిని అక్కడ పెట్టుకుందాం అనుకున్నాను, మనసులోనే. జోకులు గుర్తొచ్చాయి. దగ్గు గుర్తొచ్చింది. పిన్నీసు పళ్ళ మధ్య పెట్టుకుని మాట్లాడితే తిట్టేదాన్ని, నా తిట్లు కూడా గుర్తొచ్చాయి. నోరు రాలేదు. ఎండ గోడ మీదికి వెళ్ళిపోయేదాకా కూర్చున్నాను, రాలేదు. నీది కాదని చిటికెలో చెప్పినదాన్ని, ఆయనది ఎలా ఉండేదో చెప్పలేకపోయాను. ఇన్నేళ్ళు ఎదురెదురుగా కూర్చుని తిన్నాం. నేను మిషను వెనక కూర్చుని ఏడ్చింది బొమ్మ పాడైందని కాదు అమ్మడూ.

పక్కన కూర్చుని చెప్పమంటున్నావు. ఏం చెప్పను?

కప్పకు. వేయకు. ఎలా ఉందో అలాగే ఆ గోడకి పెట్టు. కార్డు మీద ఒకటి, గోడ మీద ఒకటి ఉందని ఆవిడ గొడవ చేస్తే నన్ను చూపించు, మా వదిన చేసిందని చెప్పు. భయపడేవాళ్ళు ఎవరూ లేరిక్కడ. ఆ బూడిద రంగు డబ్బా తాళాలతనికి ఇచ్చేశాను, షట్టరుకి వేసుకుంటున్నాడు.

ప్రదర్శనకి వస్తాను. షాపు కట్టేసి, ఆయన ఇస్త్రీ చేసి మడతపెట్టిన నా బట్టలు ఒక జత ఇంకా విప్పకుండా దాచాను, అవి వేసుకుని వస్తాను. స్టేషనుకి రా. పెద్దగోడ దగ్గర ఓ కుర్చీ వేయించు, నీ పక్కనే కూర్చుంటాను. ఎవరో ఒకరు వచ్చి ఈయనకి నోరెందుకు లేదని అడుగుతారు, అడక్కుండా ఉంటారా? నీ గ్యాలరీ మాటలు నువ్వు చెప్పుకో. నన్ను అడిగితే మాత్రం, మా ఇద్దరికీ గుర్తు లేదండీ అని చెబుతాను.

నీ వదిన